ఒక్క యక్షరము

మాట చెడినచో చెప్పినవానిని విన్నవాడును, విన్నవానిని చెప్పినవాడును నిందించుట లోకసహజము.

ఉద్యోగ విరమణానంతరము నేను ఆదోనిలో కొందరు బాలబాలికలు ప్రత్తిచేని తేమను దెలుపు పరికరమును నిర్మించుచుండగా జూచితిని. ఒక మైక్రోకంట్రోలరు తేమను గొలిచి యంకెలను పంపవలెను. రెండవది వానిని తెరపై జూపవలెను. అంకె తప్పినచో చేనికి నీరు తప్పును. కాని తెరపై అర్థములేని గుర్తులే కానవచ్చెను. "చెడినది నీ యంత్రమే" యని యిద్దరు బాలురు వాదులాడిరి.

ఎమ్మిగనూరు చేనేత కుటుంబమునకు జెందిన బాలిక యొకతె, "తెగిన పోగును వెదకునట్లు ఒక్కొక్కటే చూతము" అనెను. మొదట తీగలను జూచిరి. ఒకదాని పంపుకొన రెండవదాని గ్రహించుకొనకు జేరియే యుండెను; గ్రౌండుతీగ రెంటికిని ఉమ్మడిగానే యుండెను. పిమ్మట అంకెలను మాని, ఇంగ్లీషు 'ఏ' యను ఒక్క యక్షరమునే పంపిరి. అదియు మారియే వచ్చెను. అంతట వేగములను బోల్చిరి. ఒకటి సెకనుకు 9600 బిట్ల వంతున పంపుచుండగా, రెండవది 4800 వంతున చదువుచుండెను. ఒకే తీగపై వరుసగా వచ్చు బిట్లను గ్రహించు యంత్రము కాలమును బట్టియే విడదీయును. వేగము వేరైన అక్షరమును వేరగును. వేగములను సమము చేయగనే అంకెలు సరిగా వచ్చెను.

ఏ యంత్రమును చెడలేదు. వాని నడుమ ఒప్పందమే కుదరలేదు. బాలలారా! నిందించుటకు ముందు పరీక్షింపుడు. పరీక్షించునపుడు ఒక్కొక్కదానినే పరీక్షింపుడు.