కాగితపు కవచం

వేషం ధరించాలనే కోరిక మానవునికి పుట్టుకతోనే వచ్చినట్లున్నది. మన పల్లెల్లో పగటివేషగాళ్లు రోజుకొక వేషంతో ఇంటింటికీ తిరిగి జనాన్ని అలరించేవారు. పౌరాణిక నాటకాలలో నటులు కిరీటాలు, భుజకీర్తులు ధరించి తెల్లవారేదాకా పద్యాలు పాడేవారు. ఆ కిరీటం తేలికైన కొయ్యతో, తళుకు కాగితంతో చేసినదని ముందు వరుసలో కూర్చున్న పిల్లవానికి కూడ తెలుసు. అయినా తెర లేచిన తరువాత అది కాగితమన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

నేటి యువతరంలో ఈ కోరికే 'కాస్‌ప్లే' అనే పేరుతో వెలుగులోకి వచ్చింది. వేషధారణ, ఆట అనే అర్థాలు గల రెండు ఆంగ్ల పదాలను కుదించి కలిపి, 1983లో జపాను రచయిత నొబుయుకి తకహాషి ఈ మాటను వాడుకలోకి తెచ్చాడు. చిత్రకథలలోనో, చలనచిత్రాలలోనో తాము మెచ్చిన పాత్ర వేషాన్ని అభిమానులు ధరించి సభలకు వెళ్లడమే ఈ ఆట. మన హైదరాబాదులో కామిక్ కాన్ 2013లో మొదలైనది. అక్కడ కనిపించే వేషాలలో మమ్ములను అన్నింటికంటె ఎక్కువగా ఆకర్షించినది జపాను దేశపు సామురాయి యోధుని వేషం. దానిని కొనడానికి వేల రూపాయలు కావాలి. మాకు అంతటి శక్తి లేదు. కనుక మేము నలుగురు మిత్రులము, సెలవులలో ఒక ఇంటి మేడమీద కూర్చొని, ఆ కవచాన్ని మా చేతులతోనే చేయాలని నిశ్చయించుకొన్నాము.

ఒక వస్తువును చేయాలంటే మొదట అది ఎట్లా పుట్టిందో తెలియాలి కదా! సామురాయి కవచం ఒకే ఇనుప రేకు కాదు. ఇనుముతోనో, గట్టిపరచిన తోలుతోనో చేసిన చిన్న చిన్న పలకలకు లక్కను పోలిన ఒక చెట్టుపాలు పూతగా పూసి, వాటిని పట్టుతాళ్లతో వరుసలు వరుసలుగా అల్లుతారు. శిరస్త్రాణాన్ని 'కబుతో' అంటారు. ఎదను కాపాడేది 'దో', భుజాలను కాపాడేది 'సొదె', నడుము కింద వ్రేలాడుతూ తొడలను కప్పేది 'కుసజురి'. 1543లో పోర్చుగీసు వర్తకుల ద్వారా తుపాకి జపానుకు చేరింది. ఆ తరువాత గుండును ఆపవలసి వచ్చినందున పెద్ద ఇనుప పలకల వాడకం పెరిగింది, తాళ్ల అల్లిక పలుచబడింది. దట్టమైన అల్లిక వర్షంలో తడిస్తే బరువెక్కుతుంది, బురద పడితే వదలదు. ఆ రెండు బాధలూ ఈ మార్పుతో తగ్గినవి. కవచంలోని ప్రతి ముడి వెనుక ఇటువంటి ఒక కారణమున్నదని గ్రహించిన నాటినుండి మా పని ఆటగా మొదలై చదువుగా మారింది.

మొదట మా మనస్సులో ఒక శంక ఉండేది. ఇనుముతో చేయవలసినదానిని కాగితంతో చేయడం నకిలీ పని కాదా అని. ఆ శంకను తీర్చినవాడు నాలుగు వందల సంవత్సరాల కిందటి ఒక సేనాని. హోందా తదకత్సు (1548-1610) తొకుగావా ఇయెయాసు కొలువులోని మహావీరుడు. అతని శిరస్త్రాణంపై పెద్ద జింక కొమ్ములు ఉంటాయి. శత్రువులు దూరం నుండే ఆ కొమ్ములను చూసి అతనిని గుర్తుపట్టేవారు. ఆ కొమ్ములు నిజమైన కొమ్ములు కావు, ఇనుమూ కాదు. చేతితో చేసిన కాగితాన్ని పొరలు పొరలుగా అంటించి, నల్లని పూత పూసి గట్టిపరచినవి. తలమీద భారం పెరుగకూడదు, ఆకారం మాత్రం ఘనంగా ఉండాలి. అందుకు కాగితమే తగిన పదార్థమని ఆనాటి పనివారు ఎరుగుదురు. నేటికీ జపానులో మే 5వ తేదీన జరిగే బాలల పండుగకు పిల్లలు వార్తాపత్రికలను మడచి శిరస్త్రాణాలు చేసుకొంటారు. కొన్ని పట్టణాలలో పెద్దలు సైతం అట్టతో కవచాలు చేసుకొని ఉత్సవాల ఊరేగింపులో నడుస్తారు. ఇక మాకు సంకోచమెందుకు?

కిరాణా దుకాణాలనుండి అట్టపెట్టెలు తెచ్చుకొన్నాము. అట్టలోపల సన్నని గొట్టాలవంటి ముడుతలు ఉంటాయి. ఆ ముడుతలు నిలువుగా ఉండేటట్లు కత్తిరిస్తేనే పలక ఒంటిచుట్టూ చక్కగా వంగుతుంది. అడ్డంగా ఉంటే నడుమ విరుగుతుంది. దర్జీ కుర్తాకు కొలతలు తీసినట్లు ఎద, నడుము, భుజముల కొలతలు తీసి, ముందుగా ఖాకీ కాగితంపై నమూనాలు గీసి, వాటి ప్రకారం అట్టను కోశాము. శిరస్త్రాణానికి ఒక మట్టికుండ అచ్చుగా ఉపకరించింది. కుండపై పలుచని గుడ్డ కప్పి, మైదా ఉడికించిన జిగురుతో కాగితపు ముక్కలు అంటించాము. పురుగు పట్టకుండ పుస్తకాలు కుట్టేవారు జిగురులో మైలుతుత్తం కలుపుతారు. మేమూ చిటికెడు కలిపాము. అది విషపదార్థం కనుక జిగురు గిన్నెను వంటింటికి దూరంగా ఉంచాము. ఒక పొర ఉర్దూ పత్రికది, దానిపై మరొక పొర తెలుగు పత్రికది. పొర ఎక్కడైనా తప్పిపోతే కింది లిపి కనిపించి పట్టిస్తుంది. ఈ విధంగా పది పొరలు వేసి, నాలుగు రోజులు ఎండబెట్టిన తరువాత వ్రేలితో మీటితే కొయ్యపలకవలె శబ్దం వచ్చింది.

అన్నింటికంటె కష్టమైనది అల్లిక. నడుము కింద వ్రేలాడే 'కుసజురి' సాధారణంగా ఏడు భాగాలుగా ఉంటుంది, ఒక్కొక్క భాగానికి ఐదు పలకలు. మొత్తం ముప్పదియైదు పలకలు. పలకకు పదహారు చొప్పున 560 రంధ్రాలు. చెప్పులు కుట్టేవారి వద్ద ఒక ఆరె కొని, ఒక్కొక్క రంధ్రమే పొడిచాము. పట్టుతాడు కొనలేక, పైజామాకు వేసే తెల్లని నాడాను అరవై మీటర్లు తెచ్చి, ఎర్రరంగులో ముంచి ఆరవేశాము. మేడమీది దండెంపై ఆ ఎర్రని నాడాలు గాలికి ఊగుతుంటే ఇరుగుపొరుగువారు వచ్చి ఇంటిలో పెళ్లి ఏదైనా ఉన్నదా అని అడిగేవారు.

అట్లా అడిగినవారిలో ఒక వృద్ధుడు ఉన్నాడు. నలుబది సంవత్సరాలుగా కార్చోబు బల్లముందు కూర్చొని జరీపని చేసినవాడు. వీధిలో అందరూ ఆయనను ఉస్తాద్ అని పిలుస్తారు. ఇప్పుడు యంత్రాలు ఒక్క పూటలో కుట్టి పారవేస్తున్నందున ఆయన బల్ల సంవత్సరంలో ఎక్కువ భాగం గోడకు ఆనించే ఉంటున్నది. కొడుకు ఆటో నడుపుకొంటున్నాడు. ఆయన మా అల్లికను చేతిలోకి తీసుకొని, అటు ఇటు త్రిప్పి, "ఇది ఏ దూల్హాకు బేటా?" అని అడిగారు. మేము నవ్వి, సంగతి వివరించాము. ఆయన నవ్వలేదు. "దూల్హాకు కాకపోయినా తొడుగుకొనేవాడు మనిషే కదా. ఈ తాడు ఇక్కడ వదులుగా ఉన్నది, అక్కడ బిగిసి ఉన్నది. నడిస్తే ఒకవైపు ఒరిగిపోతుంది" అన్నారు. తాడు కొనకు మైనం పట్టించి సూదివలె గట్టిపరచడం, తాళ్లన్నీ ఒకే కొలతకు కోసి ఉంచుకోవడం, ప్రతి వరుసను వ్రేలాడదీసి ఒకే బిగువున లాగడం ఆయన నేర్పినవే. ఆ దినం నుండి మధ్యాహ్నం నమాజు తరువాత వచ్చి అసరు వేళవరకు మాతో కూర్చొనేవారు.

ఒకనాడు ఆయన మమ్ములను ఒక ప్రశ్న అడిగారు. "ఆ దేశంలో ఈ పని చేసేవారికి ఇప్పుడు అన్నం దొరుకుతున్నదా?"

మేము ఎన్నో చిత్రాలు చూశాము, ఎన్నో కొలతలు వ్రాసుకొన్నాము. ఈ ప్రశ్న మాత్రం మాకు తోచలేదు. వెదకి చదువవలసి వచ్చింది. 1868లో జపానులో పాతపాలన అంతరించింది. 1876లో సామురాయిలు బహిరంగంగా ఖడ్గం ధరించడాన్ని ప్రభుత్వం నిషేధించింది. యోధునితోపాటు అతనికి కవచం చేసినవాడు, కత్తి చేసినవాడు, తాడు అల్లినవాడు కూడ జీవనోపాధి కోల్పోయారు. కత్తులకు పేరుగాంచిన సెకి పట్టణపు కమ్మరులు కత్తెరలు, వంటింటి చాకులు చేయడం ఆరంభించారు. మ్యోచిన్ అనేది తరతరాలుగా కవచాలు చేసిన వంశం. ఆ వంశంలో హిమెజి పట్టణానికి చెందిన శాఖవారు కుంపటిలో నిప్పులు తీసే ఇనుప పుల్లలు చేసి పొట్ట పోషించుకొన్నారు. కుంపట్లు కూడ ఇళ్లలోనుండి తొలగిపోయినప్పుడు, 1965లో ఆ పుల్లలనే వ్రేలాడదీసి గాలిగంటలుగా మలిచారు. అవి ఒకదానికొకటి తగిలినప్పుడు సన్నని నాదం పుడుతుంది. ఆ గంటలు నేటికీ తయారవుతున్నవి.

ఈ వృత్తాంతం ఉస్తాద్ గారికి చెప్పి, ఫోనులో ఆ గంట శబ్దం వినిపించాము. ఆయన కళ్లు మూసుకొని విన్నారు. "మళ్లీ వేయండి" అన్నారు. రెండవసారి విన్న తరువాత ఏమీ అనకుండ ఆరె అందుకొని తరువాతి పలక తీసుకొన్నారు.

ఇక కత్తి సంగతి. కవచం పూర్తి కావచ్చినప్పుడు మాలో ఒకరి అమ్మీ తన భయాన్ని దాచుకోలేదు. "బజారులో కత్తి పట్టుకొని నడిచే మన పిల్లవాణ్ణి చూసినవారు, అది కొయ్యదా ఉక్కుదా అని దగ్గరకు వచ్చి అడుగుతారా?" అన్నది. ఈ మాటను తేలికగా త్రోసిపుచ్చడానికి వీలులేదు. సామురాయి వాడే 'కతన' అలుగు అరవై సెంటీమీటర్లకు పైగా ఉంటుంది. మన దేశంలో 9 అంగుళాలకు మించిన ఇటువంటి కత్తులు ఆయుధ నియమాల పరిధిలోకి వస్తాయి. కాస్‌ప్లే సభలలో కూడ లోహపు ఆయుధాలను లోనికి రానివ్వరు. చట్టం ఒక ఎత్తు, తల్లి నిద్ర ఒక ఎత్తు. అందువలన మేము ఒరను, పిడిని మాత్రమే అట్టతో, మెత్తని ఫోముతో చేసి, రెండింటినీ కలిపి అంటించివేశాము. లోపల అలుగే లేదు. దూయడానికి వీలులేని కత్తి అది. దీనికి కూడ జపానులో పూర్వోదాహరణ ఉన్నది. కడుపేదలైన సామురాయిలు ఉక్కు అలుగును అమ్ముకొని, మర్యాద కోసం ఒరలో వెదురుబద్ద పెట్టుకొనేవారట. మసాకి కొబయాషి 1962లో తీసిన 'హరాకిరి' చిత్రం అటువంటి వెదురుకత్తి చుట్టూ అల్లిన విషాదగాథయే. అయినను, దారిలో దానిని గుడ్డసంచిలో చుట్టి తీసుకొనిపోవాలని అమ్మీ విధించిన నియమాన్ని మేము పాటించాము.

పరుల వేషం ధరించేవారు వారి మర్యాదలను కూడ తెలుసుకోవాలి. కిమోనో ధరించేటప్పుడు ఎడమ అంచు కుడి అంచుపై రావాలి. కుడి అంచు పైకి రావడం శవానికి చేసే అలంకారం. ఈ చిన్న విషయం తెలియకపోతే వేషమంతా అపహాస్యమవుతుంది. అదే విధంగా ఆ వేషం వెనుకనున్న చీకటిని కూడ మరువరాదు. తనను అవమానించిన సామాన్యుని నరికివేసే అధికారం ఒకప్పుడు సామురాయికి ఉండేది. 1592 నుండి 1598 వరకు వారు కొరియాపై సాగించిన దండయాత్రలలో అసంఖ్యాకులు మరణించారు. కవచంలోని అందం పనివాని చేతిది. దానిని ధరించి చేసిన మంచిచెడ్డలు యోధునివి. ఈ రెండింటినీ వేరుచేసి చూడగలగడం ఈ పనిలో మేము పొందిన వివేకం.

పూర్తయిన కవచం మూడు కిలోల బరువు తూగింది. అసలు కవచం ఇరవై కిలోలకు అటు ఇటుగా ఉంటుంది. మాకైన ఖర్చు పదిహేను వందల రూపాయలకు లోపే. దానిని ధరించి నడిచినప్పుడు ఏడు భాగాల 'కుసజురి' ఏ వైపుకూ ఒరుగకుండ సమంగా ఊగింది. చూసినవారు ముందుగా శిరస్త్రాణాన్ని మెచ్చుకొన్నారు. మేము మాత్రం ఆ అల్లికను చూపించి, అది ఎవరు నేర్పినదో చెప్పాము. అటుపిమ్మట ఇద్దరు విద్యార్థులు తమ వేషాలకు జరీపని చేయించుకోవడానికి ఉస్తాద్ గారి ఇల్లు వెదుక్కొంటూ వచ్చారు. ఇద్దరే. ఇంతమాత్రాన ఒక వృత్తి నిలబడుతుందని మేము అనుకోవడం లేదు. అయినా ఆ వారం ఆయన కార్చోబు బల్ల గోడ వదలి గది నడుమకు వచ్చింది.

విద్యార్థి మిత్రులారా! మీ వీధిలోనూ ఇటువంటి ఒక ఉస్తాద్ ఉండి ఉంటారు. జరీ కుట్టేవారో, లక్కగాజులు చేసేవారో, పుస్తకాలు కట్టేవారో. పరీక్షల తరువాత వచ్చే సెలవులలో నాలుగు దినాలు వారి పక్కన కూర్చొని చూడండి. కళాశాల కమిటీ పెద్దలకు మాదొక విన్నపం. సంవత్సరానికి ఒక నెలపాటు ఒక గది, కొన్ని అట్టలు, జిగురు, దారం సమకూర్చి, అటువంటి ఒక పెద్దమనిషిని తగిన పారితోషికంతో పిలిపించినట్లయితే, గ్రంథాలలో దొరకని విద్య మన విద్యార్థుల చేతులకు అబ్బుతుంది. వారికి ఆ నెల అన్నమూ దొరుకుతుంది. ఉస్తాద్ గారు అడిగిన ప్రశ్నకు మన ఊరిలో మనమివ్వగలిగిన సమాధానం ప్రస్తుతానికి ఇదొక్కటే.