తీగకు పట్టని కరెంటు

స్కాట్లండ్ ఉత్తరపు కొసన స్క్రాబ్‌స్టర్ రేవు నుంచి ఆర్క్నీ దీవులకు ఓడలో గంటన్నర. హోయ్ దీవి పక్కన సముద్రంలోంచి నిలువునా లేచిన ఎర్రటి రాతిస్తంభం కనబడగానే డెక్ మీద జనమంతా ఒకే వైపుకు చేరారు. మా అబ్బాయి కూడా ఫోన్ తీసి పరిగెత్తాడు. పిరమిడ్ల కంటే పాతదైన స్కారా బ్రే రాతియుగపు ఊరు చూడాలన్నది వాడి సరదా. నేను మాత్రం కరెంటు కోసం వచ్చాను. కరెంటు రాకపోకలను నియంత్రించే లోడ్ డిస్పాచ్ సెంటర్లో పనిచేసి రిటైరైనవాడికి ఇంకేం సరదాలుంటాయి!

అది 2019 వేసవి. వేసవి అని వాళ్లు అంటారు, నేను స్వెట్టర్ విప్పలేదు. చెట్లు దాదాపు లేవు. గాలి మాత్రం క్షణం ఆగదు. ఏ గుట్ట చూసినా గాలిమరే. డెబ్బై దాకా దీవులు, వాటిలో మనుషులుండేవి ఇరవై చిల్లర, మొత్తం జనాభా 22 వేలు. ఇంతమందీ ఏడాదిలో వాడే కరెంటు కంటే గాలీ, అలలూ, ఆటుపోట్లూ ఇచ్చేదే ఎక్కువ. 2013 నుంచీ ఇదే లెక్క. మిగులును ప్రధాన భూభాగానికి పంపాలి. దారి ఏమిటంటే సముద్రం అడుగున వేసిన రెండు 33 కేవీ కేబుళ్లు, ఒక్కొక్కటి సుమారు 20 మెగావాట్లు మోస్తుంది. మన దగ్గర 33 కేవీ అంటే మండలంలో సబ్‌స్టేషన్‌కు వెళ్లే లైను!

అందుకని 2009 నుంచే ఇక్కడ ఒక కంప్యూటర్ కాపలా కాస్తోంది. కేబుల్ నిండగానే ఏ గాలిమర ఎంత తగ్గాలో అదే నిర్ణయించి తగ్గిస్తుంది. ఆ పని నేను ఫోన్లో చేసేవాణ్ణి. అనంతపురం వైపు గాలి బాగా వీచే ఆషాఢంలో ఫోనెత్తి "బ్యాక్‌డౌన్ చేయండి" అంటే అవతలివాళ్లు మర్యాదగానే సరేననేవారు. ఫోన్ పెట్టాక ఏమనుకునేవారో నాకు తెలుసు.

కిర్క్‌వాల్ నుంచి చిన్న ఓడలో ఈడే దీవికి వెళ్లాం. రెండు వందల మంది కూడా లేని దీవి. ఊరి ఉమ్మడి ఆస్తిగా 900 కిలోవాట్ల గాలిమర ఒకటుంది. అది తిరిగితే ఊరికి ఆదాయం. నిండు గాలిలో కూడా దాన్ని ఆపమంటే ఊరివాళ్లకు కడుపు మండదా?

దీవి పడమటి ఒడ్డున, ఫాల్ ఆఫ్ వార్‌నెస్ అనే జలసంధిలో, నీళ్లు సెకనుకు నాలుగు మీటర్ల దాకా పరుగెడతాయి. ఆటుపోట్ల యంత్రాలను పరీక్షించే యూరోపియన్ మెరైన్ ఎనర్జీ సెంటర్ వాళ్ల స్థలం అదే. చంద్రుడు నడిపే కరెంటు కాబట్టి దాని టైమ్‌టేబుల్ ఏళ్ల ముందే అచ్చు వేసుకోవచ్చు. జీవితమంతా మబ్బునూ గాలినీ ఊహిస్తూ షెడ్యూల్ వేసిన నాకు ఆ మాట వినగానే కొంచెం అసూయ కలిగింది.

ఒడ్డున సబ్‌స్టేషన్ పక్కనే అర మెగావాటు ఎలక్ట్రొలైజర్. చూడ్డానికి షిప్పింగ్ కంటెయినర్, అంతే. మిగులు కరెంటుతో నీటిని విడగొడుతుంది. ఆక్సిజన్ గాలిలో కలిసిపోతుంది. హైడ్రోజన్‌ను 200 బార్ల ఒత్తిడికి కుదించి, ట్రెయిలర్ మీద వరసగా పేర్చిన పొడవాటి సిలిండర్లలో నింపుతారు. 2017లో ఆటుపోట్ల కరెంటుతో ప్రపంచంలో మొదటిసారి హైడ్రోజన్ తీసింది ఇక్కడే. ఆ ట్రెయిలర్ ఓడెక్కి కిర్క్‌వాల్ చేరుతుంది. రేవులో 75 కిలోవాట్ల ఫ్యూయల్ సెల్ దాన్ని మళ్లీ కరెంటుగా మార్చి, కట్టేసిన ఓడలకు ఇస్తుంది. ఓడలు లంగరేసి కూడా డీజిల్ తగలేసే అవసరం ఆ మేరకు తప్పుతుంది.

ఇదంతా చూపించిన కుర్ర ఇంజనీరును లెక్క అడిగాను. కిలో హైడ్రోజన్ తీయడానికి యాభై అయిదు యూనిట్ల దాకా పడుతుంది. ఆ కిలోలో ఉండే శక్తి 33 యూనిట్లు. ఫ్యూయల్ సెల్ అందులో సగమే కరెంటు చేస్తుంది.

"మూడు పెడితే ఒకటి చేతికొస్తుందన్నమాట," అన్నాను.

"అవునండీ. కానీ మీరు ఆ మూడింటినీ సున్నా చేసేవారు కదా!" అన్నాడు.

నవ్వొచ్చింది. అతని మాట నిజమే గాని సగం నిజం. మిగులున్న గంటల్లోనే నడిచే యంత్రం మిగతా గంటలు ఖాళీగా పడి ఉంటుంది, చేసిన అప్పు మీద వడ్డీ మాత్రం ఆగదు. ఇక సముద్రం అల్లకల్లోలమైతే ఓడ కదలదు, ట్రెయిలర్ రేవు దాటదు. గాలి విజృంభించే రోజే సరుకు ఎక్కువ తయారవుతుంది, రవాణా ఆగేదీ ఆ రోజే. ఈ చిక్కు గురించి మాత్రం అతను నాతో వాదించలేదు.

మరో సంగతి. ఇంత కరెంటు పండే ఈ దీవుల్లో సగానికి పైగా కుటుంబాలు ఇంటిని వెచ్చగా ఉంచుకునే ఖర్చు భరించలేనివని స్కాట్లండ్ ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. ఆపేసే గాలిమర కరెంటుతో ముందు ఆ ఇళ్ల హీటర్లు వెలిగిస్తే మూడింటికి మూడూ దక్కుతాయి కదా. హైడ్రోజన్ వంతు దాని తరవాత రావాలి. వేడికి నేరుగా కరెంటు, రాత్రికి బ్యాటరీ, తీగా బ్యాటరీ రెండూ పనికిరాని ఓడలకూ ఎరువుల ఫ్యాక్టరీలకూ హైడ్రోజన్: నేను షెడ్యూల్ వేస్తే ఈ వరసలో వేస్తాను.

2023లో ఆర్క్నీకి 220 మెగావాట్ల కొత్త సముద్ర కేబుల్‌కు అనుమతి వచ్చిందని చదివినప్పుడు ఆ ఎలక్ట్రొలైజర్ గుర్తుకొచ్చింది. తీగ వెడల్పయితే దానికి దొరికే చవక కరెంటు గంటలు తగ్గుతాయి. ఇలాంటి ప్రయత్నం మన దగ్గరా ఉంది: సింహాద్రి విద్యుత్కేంద్రంలో రిజర్వాయరు మీద తేలే 25 మెగావాట్ల సోలార్ ఫలకాల కరెంటుతో హైడ్రోజన్ తీసి, ఫ్యూయల్ సెల్‌తో చిన్న మైక్రోగ్రిడ్ నడిపే పథకాన్ని ఎన్టీపీసీ 2021లో ప్రకటించింది. అప్పుడు పాత సహోద్యోగి ఒకాయన ఫోన్ చేసి, "గురువుగారూ, ఇది మనకు గిట్టుబాటవుతుందంటారా?" అని అడిగారు. ఏడాదిలో ఎన్ని గంటలు మనం సోలార్‌ను బ్యాక్‌డౌన్ చేస్తున్నామో ముందు లాగ్ బుక్ తీసి చూడమన్నాను.