బండలమీది బడి

వైజ్ఞానిక ప్రదర్శన మనునది ఏ యూర, ఏ బడిలో జరిగినను, థర్మోకోలు ముక్కలతో కట్టి, ఎఱ్ఱరంగు పూసి, నెత్తిమీది గుంటలో సోడాపొడి పోసి, దానిపై వెనిగరు కుమ్మరించి, నురుగు పొంగగానే అందఱును చప్పట్లు చఱచు అగ్నిపర్వత మొకటి అందు తప్పక యుండవలెనని ఏ శాసనమున వ్రాసియున్నదో నాకు తెలియదు గాని, ఆ నురుగు చూచినపుడెల్ల నాకు కలుగు విసుగు ఇంతింత యని చెప్పరాదు. అగ్నిపర్వతమున రాయి కరగును. ఈ బల్లపై కరగునది చూచువాని ఓపిక మాత్రమే. సోడాపొడిలోని బైకార్బనేటునకు ఆమ్లము తగిలినపుడు బొగ్గుపులుసు వాయువు బుడగలై వెడలును. అంతకు మించి అందు జరుగునది లేదు. ఈ పని భూగర్భమున జరుగునది కాదు, ఆ బల్ల క్రింది నేలమీద, ఎవరైన నొక నిమ్మచెక్క పిండినచో, ఆ బేతంచెర్ల సున్నపురాతి బండమీద జరుగునది. అనగా సున్నపురాతి గుణమును చక్కగా చూపుచు, దానికి అగ్నిపర్వతమని పేరుపెట్టి, సున్నపురాయియే అన్నముగా బ్రదుకు ఊరి పిల్లలకు బహుమతు లిచ్చి పంపుచున్నారు. దీనిని సహింప వలెనన్న గొప్ప వైరాగ్యము కావలెను. అది నాకు లేదు.

పోనీ, అగ్నిపర్వతమే కావలెనన్న పట్టుదల యున్నచో దానికిని ఈ సీమలో కొదువ లేదు. బనగానపల్లె దాపున, జుర్రేరు లోయలో జ్వాలాపురమున్నది. రమారమి 74,000 సంవత్సరములకు పూర్వము సుమత్రాదీవిలో తోబా యను అగ్నిపర్వతము బ్రద్దలైనపుడు ఎగసిన బూడిద బంగాళాఖాతము దాటివచ్చి ఈ లోయలో పడినది. చుట్టునున్న వాలులనుండి వానలకు కొట్టుకొనివచ్చి చేరినదానితో కలిసి కొన్నిచోట్ల 2 మీటర్లకు మించిన మందమున పేరుకొన్నది. ఆ బూడిదకు క్రిందను పైనను ఆదిమానవుల రాతిపనిముట్లు దొరకినవని 2007లో సైన్స్ పత్రికలో ప్రకటించినప్పుడు లోకమంతయు ఈ లోయవంక చూచినది. అంతకు ముందునుండియే ఊరివారు ఆ బూడిదను త్రవ్వి గిన్నెలు తోము పొడికై అమ్ముకొనుచుండిరి. అందులకు నేను వారిని తప్పుపట్టను, తోమవలసిన గిన్నె లుండునప్పుడు ప్రళయపు బూడిదయైన నేమి, పొయ్యిలోని బూడిదయైన నేమి! ఆ బూడిద గుప్పెడు సీసాలో పోసి బల్లపై నుంచినచో అంతకు మించిన ప్రదర్శన మఱి యేమి కావలెను? కాని ఆ సీసాకు బహుమతి రాదు. నురుగు లేదు గదా.

బేతంచెర్ల గుంతకల్లు–నంద్యాల రైలుమార్గము మీది ఊరు. రైలు దిగి నాలుగడుగులు వేయు నప్పటికే, గోడలకు చేరవేసిన పాలిష్ బండల వరుసలును, కోతయంత్రముల రొదయు, ఫ్యాక్టరీల వెనుక గుట్టలుగా ఎండిన తెల్లని బురదయు మనకు స్వాగతము చెప్పును. ఇచ్చటి జనులు రాతిపై నడచి, రాతి క్రింద నిద్రించి (పాత ఇండ్ల కప్పులకును నాపబండలే గదా), చేని గట్టున కంచెకు మారుగా రాయి నిలిపి, ఆ రాతినే లారీల కెత్తి దేశమునకు నేల లిచ్చుచున్నారు. ఎముకగల ప్రాణి పుట్టకముందు, గవ్వయు చిప్పయు లేని కాలమున, నిస్తరంగమైన లోతులేని సముద్రమున సున్నపు బురద పొరపై పొరగా దిగి బిగిసిన రాయి ఇది. పెండ్లియింటి విస్తరాకుల కట్ట వలె పొర పొరకు విడివడును గనుకనే పనివాడు ఉలి మోపి, సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, నిండు మంచమంత బండను బెసకకుండ లేపగలుగుచున్నాడు. ఆ పనివాని పిల్లవాడు ఏడవ తరగతిలో అవక్షేపశిల యనగా నేమి యని అడిగినచో బిక్కమొగము వేయును. తప్పెవరిది?

ఈ సీమ శిలలను గూర్చి 1872లో విలియం కింగ్ అను భూవిజ్ఞాని ప్రభుత్వ భూగర్భశాఖ తరపున పెద్ద గ్రంథము వ్రాసినాడు. నాటినుండి నేటివరకు శాస్త్రజ్ఞు లీ స్తరములకు పెట్టుకొన్న పేర్లు చూచినచో ముచ్చటగా నుండును: అన్నిటికి అడుగున బనగానపల్లె క్వార్ట్‌జైటు, దానిపై నార్జి సున్నపురాయి, దానిపై అవుకు షేలు, ఆపై పాణ్యం క్వార్ట్‌జైటు, మఱల కోవెలకుంట్ల సున్నపురాయి, అన్నిటికి మీద నంద్యాల షేలు. ఒక్క నార్జి తప్ప, అది కడప జిల్లాలోనిది, తక్కినవన్నియు నంద్యాల డిపో బస్సులో కండక్టరు కేకవేయు పేర్లే. టికెట్టు కొనుటకు వచ్చిన పిల్లవానికి భూచరిత్రలోని అయిదు అధ్యాయముల పేర్లు అప్పటికే కంఠస్థములై యున్నవన్నమాట. వానిని వరుసలో నిలుపుటయే మాస్టరుగారు చేయవలసిన పని. అట్లు చేసిన బడి నొక్కదానిని చూడవలెనని నా కోరిక. నేను చూచినంతలో, రూపాంతరశిలకు ఉదాహరణ మడిగిన తాజమహలు, ఇసుకరాతి కుదాహరణ మడిగిన ఢిల్లీ ఎఱ్ఱకోట. రెండును గొప్ప కట్టడములే, రెండును సత్యములే. కాని వానిని చూచుటకు ఆ పిల్లవాడు రెండు దినములు రైలులో పోవలెను; అరికాలి క్రింది రాతిని చూచుటకు చెప్పులు విడిచిన చాలును.

చెప్పులన్నచో జ్ఞప్తికి వచ్చినది. ఈ నడుమ ఈ బండల ఊరిలోనే కొందఱు గృహస్థులు నాపబండలు పెరికించి, గుజరాతునుండి వచ్చిన నున్నని టైలు పరచుకొనుచున్నారు. వేసవి మధ్యాహ్నము తడిగుడ్డతో తుడిచిన నాపబండపై వెన్ను వాల్చిన సుఖ మెఱుగని వారితో నాకు వాదము లేదు. ఆ టైలుమీద వానకాలమున కాలు జారి నడుము విఱుగగొట్టుకొన్న వారియందు జాలియు లేదు.

పిల్లలకు శిలాపాఠము చెప్పుటకు ప్రయోగశాల యక్కరలేదు, వారి ఆటలు చాలును. తొక్కుడుబిళ్ళ ఆడు ఆడపిల్ల బలపముతో బండమీద గడులు గీయును. గీత పడినది దేనికి? బలపపు రాతిలోని టాల్కు ఖనిజములలోకెల్ల మెత్తనిది. జర్మను శాస్త్రజ్ఞుడు మోస్ 1812లో కట్టిన కాఠిన్యపు మెట్లలో దానిది మొదటి మెట్టు. బండలోని కాల్సైటుది మూడవది. మెత్తనిది గట్టిదానిపై అరగి తన పొడిని విడుచుటయే గీత. అదే పిల్ల అచ్చనగాయల కేరుకొన్న తెల్లని పలుగురాయి ఏడవ మెట్టుది. అది బండను గీయును గాని దానిపై పొడి విడువదు, ఇనుప మేకును సైతము గీయును. గోరు, మేకు, బలపము, బండ, పలుగురాయి అను ఈ అయిదింటిని ముందు పెట్టి, దేనిని ఏది గీయునో మీరే తేల్చుడని పిల్లలను విడిచినచో ఒక గంట బడి నిశ్శబ్దముగా నుండును. నిశ్శబ్దమునకై బెత్తము పట్టువారు ఈ మాట గమనింపవలెను. తరువాత పాలిష్ ఫ్యాక్టరీ వెనుక ఎండిన తెల్లపొడి గుప్పెడు తెప్పించి, దానిపై నిమ్మరసము పిండవలెను. నున్నని బండపై నిమ్మరసము మచ్చ మాత్రము చేయును. పొడిపై బుసబుస పొంగును, ఏలయన పొడికి పులుపు సోకు తావు మిక్కిలి యెక్కువ. ఇదిగో మీ నురుగు!

మఱి మా కాలమున అక్షరాభ్యాసమే రాతితో జరిగినది. ఎడమచేత మార్కాపురపు పలక. అది బురదరాయి ఒత్తిడికి లోనై పలకబారిన రూపాంతరశిల. కుడిచేత బలపము, అది ఈ బేతంచెర్ల చుట్టుప్రక్కలను త్రవ్వు మెత్తరాయి, పూర్వకాలమున డోలమైటు పొరలలోనికి కరిగిన అగ్నిశిల చొరబడినపుడు ఆ వేడికి మాఱిన మఱియొక రూపాంతరశిల. రెండు చేతులను రెండు రూపాంతరశిలలు పట్టుకొని ఓనమాలు దిద్దినవారము మేము. రూపాంతరశిల యన్న మాట విన్నది మాత్రము పదేండ్ల తరువాత.

ఇక శిలాచక్రమన్న బొమ్మ యొకటి కలదు. అగ్నిశిల, అవక్షేపశిల, రూపాంతరశిల యని మూడు గడులు, వాని నడుమ వంకర బాణములు. పిల్లలు ఎఱ్ఱ, నీలి, పచ్చ పెన్సిళ్ళతో దానిని దించుకొని, బాణమునకు నాలుక సరిగా దిద్దినవారు పది మార్కులు తెచ్చుకొందురు. ఆ బొమ్మ అబద్ధము కాదు. కాని దానిని చూచిన పిల్లవానికి రాళ్ళన్నియు గడియారపు ముండ్లవలె ఎడతెగక తిరుగుచున్నవన్న భ్రాంతి కలుగును. మా బండల సంగతి చూడుడు! సముద్రమున పుట్టి, గట్టిపడి, మీదికి లేచి, కొన్ని పదుల కోట్ల సంవత్సరములుగా ఇంచుమించు పండుకొన్న చోటనే పండుకొని యున్నవి. కరుగలేదు, పెద్దగ ముడుతలు పడలేదు. వీనికి బాణము పెట్టుట ఎట్లు? చక్రములో తిరుగక చిరకాలము నిలిచిన రాళ్ళును కలవని చెప్పని పాఠము సగము పాఠము. స్కాట్లండు దేశీయుడు జేమ్స్ హట్టను 1788లో తన భూసిద్ధాంతమును అచ్చువేయించినపుడు అతనిని ఆశ్చర్యపఱచినది తిరుగుడుకన్న ఆ తిరుగుడునకు పట్టు కాలము. ఆ కాలమును కంట చూడదలచిన స్కాట్లండు పోనక్కరలేదు, తిరుమల కొండయెక్కిన చాలును: అడుగు గ్రానైటు జాతి రాతికిని, పైనున్న క్వార్ట్‌జైటునకును నడుమ 80 కోట్ల సంవత్సరముల ఎడ మున్నదని చెప్పుదురు, దానిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకముగా ప్రకటించినారు కూడ. గోవిందనామము చేయుచు ఆ ఎడమును ఒక్క అడుగులో దాటిపోవుచున్నాము.

తిరిగిన రాయిని చూపవలెనన్న, వజ్రమును చూపవలెను. భూమి లోలోతున పుట్టి, అగ్నిశిలతో మీదికి వచ్చి (అనంతపురము జిల్లా వజ్రకరూరు అట్టి చోటు), ఆ తల్లిరాయి శిథిలమైనపుడు గులకరాళ్ళతో దొర్లి, బనగానపల్లె స్తరపు అడుగున గులకరాతి ముద్దలలో మఱల బందీయైనది. ఆ ముద్దయు అరగినపుడు పొలముల పాలైనది. తొలకరి చినుకు పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలలో జనులు సంసారములతో దిగి, వంగి, నేల వెదకుట ఏటేట పత్రికలలో చూచుచున్నాము. ఒరపిడి, రవాణా, నిక్షేపణము అను మూడు మాటలను అంత శ్రద్ధతో చదువు విద్యార్థులు మఱెచ్చటను లేరు.

గోడకు కొట్టిన సున్నమును మాత్రము శిలాచక్రమున కెవ్వరును లెక్కింపరు. బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి సున్నపురాయి తనలోని బొగ్గుపులుసు వాయువును విడిచి పొడిసున్న మగును; నీట వేసినచో కుతకుత నుడికి తడిసున్న మగును; సంక్రాంతికి గోడకు పూసిన పిదప, విడిచిన వాయువునే గాలినుండి తిరిగి గ్రహించి మఱల సున్నపురాయి యగును. కొన్ని కోట్ల సంవత్సరముల కథ ఒక్క పండుగలో ముగియును. మనుష్యుడు త్రిప్పిన చక్రమే యనుకొందము, ఐనను చక్రమే.

ఇట్టి పాఠము చెప్పునపుడు పిల్లలు తప్పక అడుగు ప్రశ్న యొకటి యున్నది: “సార్, యాగంటి బసవన్న పెరుగుతాండాడంట, నిజమేనా సార్? రాళ్ళు పెరుగుతాయా?” దీనికి కసరుట తగదు, తప్పించుకొనుటయు తగదు. బసవన్నను బసవన్న కొండమీద విడిచి, బెలుం గుహలకో, బేతంచెర్ల దాపుననే యున్న బిల్లసర్గం గుహలకో వారిని కొనిపోవలెను. వాననీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి పులిసి, సున్నపురాతిని కరగించి, ఆ వాయువు వెడలిన చుక్కలో దానిని మఱల విడుచుచు, కప్పునుండి రాతిని దింపుచున్నది. ఆ రాయి నిజముగనే పెరుగుచున్నది. బిల్లసర్గమును 1844లో న్యూబోల్డు అను సైనికాధికారి లోకమునకు తెలిపెను. 1884లో రాబర్టు బ్రూస్ ఫుట్ తన కుమారునితో వచ్చి అచ్చట త్రవ్వించి, ఎన్నో జంతువుల ఎముకలు తీయించెను. కొడుకును వెంటబెట్టుకొని గుహలు త్రవ్వించిన తండ్రి! మా నాయన నన్ను వెంటబెట్టుకొని పోయినది సంతలకు మాత్రమే.

సంతలన్నచో, మా అవ్వ రాచిప్ప కొన్నది సంతలోనే. బలపపు జాతి మెత్తరాతిని తొలిచి చేయు ఆ పాత్రను ఇప్పటి పిల్లలు చూచియుండరు. నిమ్మరసమునకు బండ మచ్చపడును. ఎంత చింతపులుసు మఱగినను రాచిప్పకు ఏమియు కాదు, టాల్కు పులుపును లక్ష్యపెట్టదు. క్రొత్త రాచిప్పను తెచ్చినవెంటనే పొయ్యి కెక్కింపరాదు. నూనె పట్టించి, దినదినము గంజి పోసి మెల్లగా పదును చేయవలెను, లేనిచో బీటవాఱును. పదునైన పిదప పొయ్యినుండి దింపినను చాలసేపు కుతకుతలాడుచునే యుండును. అందు మా అవ్వ పెట్టిన చింతాకు పప్పు, వంకాయ పులుసు, జొన్నరొట్టెతో! ప్రెషరు కుక్కరు విజిలు విని ఆకలి తెచ్చుకొను ఈ కాలమువారికి దానిని వర్ణించి ప్రయోజన మేమి? అవ్వ పోయిన పిదప ఇంటి పంపకములలో ఆ రాచిప్ప ఎవరి వాటాకు పోయినదో ఎవ్వరును చెప్పరు. పగిలినదని మా చిన్నత్త యనును. పగిలిన ముక్కలేవి యని మా అమ్మ బ్రదికినంత కాలము అడుగుచునే యుండెను. పొలము గట్టు తగవులు తీఱినవి, గడ్డివాము తగవు తీఱినది, ఇది మాత్రము తీఱలేదు. చిన్నత్తగారి వంటింటి అటకమీద గోనె కప్పిన బరువైన దేదో యున్నదని వాళ్ళ కోడలు నోరుజారినది. దసరాకు పోయినపుడు అటక దులుపుదునని నేనే ముందుకు పోవలెను.