డోలీ దిగాక

మన్యం అనగానే ఈ మధ్య అందరికీ గంజాయే గుర్తొస్తోంది. కానీ ఒక్క గంజాయితోనే ఊపిరి ఆగిపోవడం అరుదు. మన పల్లెల నుంచి ‘ఏదో తాగాడు, స్పృహలో లేడు’ అని 108కి ఫోన్ వెళ్లిందంటే అది చాలాసార్లు పురుగుమందే.

వెళ్లిన ఈఎంటీకి మొదటి చిక్కు కంటిపాప దగ్గరే. నల్లమందు జాతి మత్తుమందు మోతాదు మించినా, ఆర్గనోఫాస్ఫేట్ పురుగుమందు లోపలికెళ్లినా కంటిపాప సూదిమొనంత అయిపోతుంది. మత్తుమందైతే ఊపిరి మందగిస్తుంది. పురుగుమందైతే నోటివెంట చొంగ, ఒళ్లంతా చెమట, ఛాతీలో గురగుర. మొదటిదానికి విరుగుడు నాలోక్సోన్, రెండోదానికి అట్రోపిన్. అదీ ఒక్క సూదితో సరిపోదు. గురగుర తగ్గేదాకా మళ్లీ మళ్లీ ఇవ్వాలి.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108లో, బండిలో ఉన్నవాళ్లకు ఫోన్‌లో డాక్టరు సలహా ఒక అండ. విశాఖ నగరంలో ఆ ఫోన్ కలవకపోయినా ఫర్వాలేదు, కాసేపట్లో కేజీహెచ్ వచ్చేస్తుంది. అరకు నుంచైతే నూరు కిలోమీటర్లు దాటిన ప్రయాణం. అనంతగిరి మలుపుల్లో నా ఫోన్‌లో సిగ్నల్ గీతలు వస్తూ పోతూ ఉంటాయి. షికారుకెళ్లే నాకు అది విసుగు, అంతే. చొంగ కారుతున్న మనిషి పక్కన కూర్చున్న ఈఎంటీకి? కొండల్లో సిబ్బందికి ధైర్యం చాలదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. నగరంలో పావుగంట కాపాడాల్సిన ప్రాణాన్ని ఇక్కడ గంటలు కాపాడాలి. దానికి కావలసింది అన్ని గంటలకూ సరిపడా మందు, తరచూ శిక్షణ. గుండెధైర్యం ఆ తర్వాత మాట.

దారిలేని గూడేల కోసం 2018లో బైక్ అంబులెన్సులొచ్చాయి. అయినా డోలీ మోతలు ఆగలేదు. రోగి రోడ్డెక్కేసరికే ఉప్పునీళ్లో, పేడనీళ్లో పట్టించేసి ఉంటారు. ఇది కొండల్లోనే కాదండోయ్, మన మైదానం ఊళ్లలోనూ ఉన్నదే! స్పృహలేని మనిషికి వాంతి చేయిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఏమీ తాగించకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చేతులకు కవర్లు తొడుక్కుని, మందు పడ్డ బట్టలు తీసేసి ఒళ్లు కడగాలి.

మందు డబ్బా మాత్రం పారేయకండి, మూత బిగించి బండిలో పెట్టండి. సిగ్నల్ లేనిచోట ఏం తాగాడో ఈఎంటీకి చెప్పేది దాని మీది లేబులే.