తీయుమన్న నేమి చేయవలెను?

నవ్వుట మంచిదే. కాని యెవరిని జూచి నవ్వుచున్నామో యెఱిగి నవ్వుట అంతకంటె మంచిది. ఈ మాట నేటి బాలబాలికలకు మఱియు నవసరము. ఏలయన నవ్వించు సాధన మొకటి వారి చేతికి క్రొత్తగా వచ్చినది. దాని పేరు మీము. 1976లో రిచర్డ్ డాకిన్స్ అను బ్రిటిషు జీవశాస్త్రజ్ఞుడు అనుకరణార్థకమైన గ్రీకుపదమును కుదించి యీ మాటను కల్పించెను. ఒక మనస్సునుండి మఱియొక మనస్సునకు ప్రాకిపోవు భావమని యాయన వివక్ష. నేడు మాత్రము ఫోనులలో చేతులు మాఱెడి హాస్యచిత్రమునకే యా పేరు రూఢమైనది.

దీని నిర్మాణము మిక్కిలి సులభము. హాస్యనాటకములోని పాత్ర యొకటి తెల్లబోయి చూచుచున్న ముఖమును తీసికొందురు. దానిపై నొక వాక్యము వ్రాయుదురు. ఆ ముఖమే యా వాక్యమునకు ప్రత్యుత్తరము. తెలుగువారికి ఇట్టి ముఖముల పెన్నిధి ‘అమృతం’ ధారావాహిక. గుణ్ణం గంగరాజుగారి సృష్టియైన యీ నాటకము 2001 మొదలు 2007 వఱకు జెమినీ టీవీలో ప్రసారమైనది. అమృతము, అంజి అను మిత్రులిద్దఱు అమృత విలాస్ అను హోటలు నడుపుచు, తలపెట్టిన ప్రతి యుపాయమును తలక్రిందులు చేసికొందురు. అమృతము వేషమును ముగ్గురు నటులు ధరించిరి. అంజి మాత్రము గుండు హనుమంతరావుగారే. ఆయన 2018లో దివంగతులైరి. ఆ ముఖము నేటికిని పిల్లల ఫోనులలో పని చేయుచునే యున్నది.

ఈ మీములలో చెప్పినదొకటి, చేసినదొకటి యనునది యొక జాతి. పై పంక్తిలో ఆజ్ఞ. క్రింద దానిని తలక్రిందుగా గ్రహించినవాని ముఖము. ఇది మనకు క్రొత్త హాస్యము గాదు. సూది తెమ్మన్నచో దానిని తాటిదుంగకు గ్రుచ్చి యందఱును మోసికొని వచ్చిన పరమానందయ్య శిష్యులను తెలుగువా రెవ్వ రెఱుగరు? తమిళమునను 18వ శతాబ్దమున బెస్కి యను ఇటలీ దేశపు మతగురువు పరమార్థగురువు కథను వ్రాసెను. ఇట్టి కథలలో నవ్వు వినినవానిమీదనే పడును. చెప్పినవానిమీద ఒక్క తుంపరయు పడదు. నాకు సమ్మతము కానిది యిదియే.

మన శాస్త్రకారులు ఈ విషయమున మనకంటె న్యాయముగా నాలోచించిరి. ‘సైంధవము తెమ్ము’ అను వాక్యమును వారు తఱచు ఉదాహరింతురు. సైంధవ మనగా ఉప్పు, గుఱ్ఱము కూడ. భోజనమునకు గూర్చున్నవాడు అడిగినచో ఉప్పు, ప్రయాణమునకు లేచినవాడు అడిగినచో గుఱ్ఱము తేవలెను. విస్తరియొద్దకు గుఱ్ఱమును తోలుకొని వచ్చిన సేవకుని జూచి నవ్వవచ్చును. కాని యతడు విస్తరిని చూడక, పెరటిలోనుండి కేక మాత్రమే వినియుండినచో, తప్పెవరిది?

తెలుగులో ఇట్టి సైంధవములు కొల్లలు. తీయుట, వేయుట అను రెండు క్రియలనే చూడుడు. తలుపు తీసినచో తెఱచుకొనును. దీపము తీసినచో ఆఱిపోవును. తలుపు వేసినచో మూతపడును. దీపము వేసినచో వెలుగును. పుట్టుకతో తెలుగు వినినవానికి ఇందు చిక్కేమియు తోపదు. చిక్కు తెలియవలెనన్న మా పరవాడకు రావలెను. విశాఖపట్టణమునకు పొరుగుననున్న యీ యూరు 2022 నుండి అనకాపల్లి జిల్లాలోనిది. ఇచ్చట 2,000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్కేంద్రమును, మందుల కర్మాగారములు గుమిగూడిన జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మాసిటీయు గలవు. పనికై ఒడిషా, ఝార్ఖండు, బీహారు మొదలగు చోట్లనుండి కూలీలు వత్తురు. కొందఱు బిడ్డలతో వత్తురు. ఆ బిడ్డలు మన బిడ్డల ప్రక్కనే బడిలో కూర్చుందురు.

నా తరగతిలో అట్టి యొడియా బాలుడొకడు గలడు. ఒకనాటి సాయంకాలము తోడి విద్యార్థి వానితో “ఫ్యాన్లు తీసి రా” అని చెప్పి పోయెను. తలుపు తీయుట యనగా తెఱచుట యని నేర్చిన యా బాలుడు, తిరుగుచున్నవానిని అట్లే యుంచి, ఆగియున్న రెండింటిని గూడ తిప్పి వచ్చెను. మఱునాటి యుదయమున ఖాళీ గదిలో అన్నియు గిఱ్ఱున తిరుగుచుండెను. ఆ రాత్రికే అంజి ముఖముపై “ఫ్యాన్లు తీయరా అంటే...” అని వ్రాసిన మీము ఇంటింటి ఫోనునకును చేరెను. బాలుడు మూడు దినములు నోరు విప్పలేదు. నాలుగవ దినమున బడికే రాలేదు.

నే నెవ్వరిని దండింపలేదు. ఆ ముఖమునకే మఱియొక వ్యాఖ్య వ్రాయుడనియు, అది వినినవాని చెవినుండి రావలెననియు చెప్పితిని. కొంత తడవు గది నిశ్శబ్దముగా నుండెను. కడకొక బాలిక వ్రాసి చదివినది: “తలుపు తీస్తే తెరుచుకుంటుంది, ఫ్యాను తీస్తే ఆగిపోతుంది. ఇప్పుడు నేనేం చెయ్యాలి?” తరగతి యంతయు ఘొల్లున నవ్వెను. ముఖ మదే, కాని యీ మాఱు నవ్వు బాలునిపై గాక మన క్రియాపదముపై పడినది. సాయంకాలము ఇద్దఱు వాని యింటికి బోయి దానిని చూపిరి. మఱునాడు వాడు వచ్చి, తలుపు తీసి, ఫ్యాను తీసి, రెండింటిని వ్రేలితో చూపి నవ్వెను.

ఇది పిల్లల యాట యని త్రోసివేయరాదు. కర్మాగారమున స్విచ్చి తీయుమన్న విద్యుత్తు ఆగవలెను. మూత తీయుమన్న తెఱవవలెను. అచ్చట పొరపాటున తిరుగునది ఫ్యాను గాకపోవచ్చును. “అర్థమైనదా?” యని యడిగినచో తలయూపని కూలివాడు అరుదు, తెలియదనుటకు సిగ్గు, పని పోవునేమో యని భయము. కావున “ఏమి చేయబోవుచున్నావో చెప్పుము” అని యడుగుట మేలు. విమానచోదకుడు నియంత్రణకేంద్రపు అనుమతిని తిరిగి చదివి వినిపింపవలెనను నియమము లోకమంతట నున్నది. శిక్షణ పొందినవారికే యవసరమైన యీ జాగ్రత్త, భాష తెలియని క్రొత్తవానికి అక్కఱలేదా?

ఇండ్లలోను ఇంతే. వేఱు సీమనుండి వచ్చిన కోడలు మాట తెలియక ఒక వస్తువునకు మఱియొకటి తెచ్చినచో, ఆ కథను చుట్టములయెదుట పదిమాఱులు చెప్పి నవ్వుదుము. ఆమె చెవికి ఏమి వినబడెనో ఒక్కమాఱైన అడుగము.

మీములను మాన్పింపవలెనని నా మతము గాదు. మా తరగతిలో ఇప్పుడు ప్రతి బొమ్మకును రెండు వ్యాఖ్యలు వ్రాయవలెనను కట్టడి యున్నది: చెప్పినవానిది యొకటి, వినినవానిది యొకటి. పిల్లలు రెండవదానికే యెక్కువగా నవ్వుచున్నారు.