పతిశబ్దము

అధికారులకు మనమిడు పేరులయందు వారి యధికారము కంటె మన యలవాట్లే యెక్కువగా వెల్లడియగుచుండును. 'పతి' యట్టి శబ్దము. సంస్కృతమున దీనికి ప్రభువనియు, భర్తయనియు రెండర్థములు కలవు. సేనాపతి, సభాపతి, రాష్ట్రపతి యనునవి మొదటి యర్థమున నేర్పడినవి. మన యిండ్లలో మాత్రము రెండవ యర్థమే ముందు తోచును. అందుచేతనే 2007వ సంవత్సరమున ప్రతిభా పాటీలుగారు ఆ పదవి నధిష్ఠించినపుడు, స్త్రీని రాష్ట్రపతి యనుట యెట్లని కొందరు చర్చించిరి. పదము మారలేదు, 2022లో ద్రౌపదీ ముర్ముగారికిని అదియే చెల్లినది. పదవికి లింగభేదము లేదని సమాధానపడవచ్చును.

కాని గ్రామమునకు వచ్చి చూడుడు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలలో మూడవవంతుకు తక్కువ గాకుండ స్థానములను స్త్రీలకు కేటాయించినది. మేమెరిగిన యొక గ్రామమున సర్పంచి స్త్రీయే. ఆమెతో మాటాడ మేము పోగా, ఊరివారు 'సర్పంచిగారు అరుగుమీద నున్నారు' అని ఆమె భర్తను చూపిరి. ఆమె లోపల కాగితములపై వ్రాలు చేయుచుండెను. 'మీ యభిప్రాయమేమమ్మా?' యని మేమడుగగా, 'వారినే యడుగుడు' అనెను. ఇచ్చట ఆ రెండర్థములును ఒక్కటైనవి, భర్తయే ప్రభువైనాడు.

పేరు మార్చిన నిది తీరదు. సర్పంచియని ఆమెనే పిలువవలెను; అర్జీ ఆమె చేతికే యీయవలెను; ఆమెయే ప్రత్యుత్తరము చెప్పువరకు వేచియుండవలెను. ఈ మర్యాదను మొదట మన యింటి బాలబాలికలకు నేర్పుదము.