భాంజీకి వచ్చిన రెండు ఆఫర్లు

ఇక్కడ రాసి చాలా రోజులైంది. ఇవాళ మా ఇంటి మాట ఒకటి చెప్తాను. మీ ఇంట్లో బీఈడీ చేసిన పిల్లో పిల్లాడో ఉంటే మీకూ పనికొస్తుందని ఉమ్మీద్.

సంక్రాంతి సెలవులకి మా భాంజీ గుంటూరు నుంచి పాసింజర్ బండిలో కొలకలూరు వచ్చింది. వాళ్ళింటికి పోకుండా నేరుగా మా ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా "మామూ, రెండు వచ్చాయి" అని ఫోను నా చేతిలో పెట్టింది. రెండు ఆఫర్ లెటర్లు. ఒకటి దుబాయ్ నుంచి, ఇంకోటి మస్కట్ నుంచి. రెండూ స్కూలు నౌకరీలే, మ్యాథ్స్ టీచరు. దుబాయ్ వాళ్ళు నెలకి 4,500 దిర్హాములు అన్నారు. మస్కట్ వాళ్ళు 330 రియాళ్ళు.

సాయంత్రానికల్లా మొహల్లా మొత్తానికి తెలిసిపోయింది. వచ్చిన ప్రతివాళ్ళూ అడిగింది ఒకటే: "తన్ఖా ఎంత?" దుబాయ్‌ది మన డబ్బుల్లో లక్ష దాటుతుంది, మస్కట్‌ది డెబ్బై అయిదు వేల పైచిలుకు. ఇక సోచాయించేది ఏముంది, దుబాయే అని అందరూ తేల్చేశారు. గుంటూరులో ప్రైవేటు స్కూల్లో పద్దెనిమిది వేలకి పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొంతు చించుకునే పిల్లకి లక్ష అంటే మాటలా?

ఈ పిల్ల 2025 మెగా డీఎస్సీ రాసింది. 16,347 పోస్టులు అన్నారు, మా ఇంట్లో అందరం దువా చేశాం. కొద్ది మార్కుల్లో పోయింది. వాళ్ళ అబ్బా, అంటే మా దూల్హాభాయ్, చనిపోయి ఆరేళ్ళు. మా ఆపా మిషను కుట్టి చదివించింది. ఈ పిల్ల కమాయీ మీదే తమ్ముడి చదువు. అందుకే మా ఆపా నా ఎదురుగా కూర్చుని, "నువ్వు ఏడేళ్ళు అక్కడ ఉండొచ్చినవాడివి. నీ మష్వరా ఏంటో చెప్పు ఛోటే, అదే చేస్తాం" అంది.

ఆ మాట నాకు భారంగా తగిలింది. ఎందుకో చెప్పాలంటే 2009 దగ్గరికి పోవాలి.

అప్పుడు నాకు బీఈడీ అయి రెండేళ్ళు. విజయవాడలో ఒక ఏజెంటు దొరికాడు. షార్జాలో ఇంటర్నేషనల్ స్కూలు, తన్ఖా ఇంత, రూము ఫ్రీ అని రంగు కాగితం చూపించాడు. లక్షా ఇరవై వేలు అడిగాడు. అమ్మీ దగ్గర లేవు. మా ఆపా తన షాదీకి పెట్టిన నాలుగు గాజులు తీసి ఇచ్చింది. తెనాలిలో తాకట్టు పెట్టాం. వాడు నన్ను విజిట్ వీసా మీద ఎక్కించాడు. "అక్కడికి పోయాక మార్చేస్తారు" అన్నాడు. పోయాక చూస్తే కాగితంలో ఉన్న స్కూలుకీ నాకూ సంబంధమే లేదు. ఒక ఫ్లాట్లో ట్యూషన్ సెంటరు. విజిట్ వీసా మీద పని చెయ్యడమే అక్కడి కానూన్ ప్రకారం నేరం, కాబట్టి డబ్బు ఇవ్వకపోయినా ఎవరికీ చెప్పుకోలేను. మూడో నెలలో తిరిగొచ్చాను. ఊళ్ళో అందరికీ "స్కూలు మూతపడింది" అని చెప్పాను. గాజులు వేలానికి పోయాయి. ఆపా ఒక్క మాట అనలేదు. తర్వాత దమ్మామ్ నుంచి రెండు గాజులు తెచ్చి ఇచ్చాను గానీ, ఆ అబద్ధం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఆపాకీ భాంజీకీ అసలు సంగతి చెప్పేశాను. ఆపా కాసేపు నా మొహం చూసి, "నాకు అప్పుడే తెలుసు. మూతపడిన స్కూలు వాళ్ళు సామాన్ల డబ్బులైనా ఇస్తారు, నువ్వు ఖాళీ సూట్‌కేసుతో వచ్చావు" అంది. ఇంక దాచేదేమీ లేకపోయింది కాబట్టి, కాగజాత్ ముందేసుకుని కూర్చున్నాం.

మొదట "ఇంటర్నేషనల్" అన్న మాట. గుంటూరు నుంచి విజయవాడ పోయే రోడ్డు మీద ఆ మాట ఉన్న బోర్డులు ఎన్నో కనపడతాయి. గల్ఫులోనూ అంతే. అక్కడ ఆ పేరుతో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి మన పిల్లల కోసం పుట్టిన భారతీయ స్కూళ్ళు: దుబాయ్‌లో ఇండియన్ హైస్కూల్ 1961లో, జెద్దాలో ఎంబసీ నీడన పెట్టినది 1969లో, మస్కట్‌లో ఇండియన్ స్కూల్ 1975లో మొదలయ్యాయి. జెద్దా స్కూలు పేరులో "ఇంటర్నేషనల్" ఉంది, చెప్పేది మాత్రం సీబీఎస్ఈ సిలబస్. రెండో రకం బ్రిటిష్, అమెరికన్, ఐబీ స్కూళ్ళు. ఐబీ అనేది 1968లో జెనీవాలో పుట్టిన పద్ధతి. కేంబ్రిడ్జ్ వాళ్ళ ఐజీసీఎస్ఈ 1988 నుంచి నడుస్తోంది. ఈ రెండో రకంలో తన్ఖా ఎక్కువే, కానీ చాలాచోట్ల ఆ సిలబస్‌లో చెప్పిన తజుర్బా అడుగుతారు, బ్రిటన్ టీచర్ ట్రైనింగ్ ఉన్నవాళ్ళకి ముందు పిలుపు వస్తుంది. మన బీఈడీకి సూటిగా తెరుచుకునే తలుపు మొదటి రకమే. అందులో చేరి, రెండు మూడేళ్ళు చేసి, ఆ తర్వాత రెండో రకానికి మారినవాళ్ళని నేను చూశాను. భాంజీకి వచ్చిన రెండూ సీబీఎస్ఈవే. దుబాయ్ స్కూలు పేరులోని ఇంటర్నేషనల్‌ని చూసి వాళ్ళ కొలీగ్స్ ముబారక్‌బాద్ చెప్పారట, అంతే తేడా.

ఆ తర్వాత నా ఏజెంటు గుర్తుకొచ్చి, "నిన్ను ఎవరైనా డబ్బు అడిగారా?" అన్నాను. లేదంది. రెండిటికీ స్కూళ్ళ వెబ్‌సైట్లో చూసి తనే అప్లై చేసింది. ప్రిన్సిపాల్ వీడియోలో ఇంటర్వ్యూ చేశారు, ఒక పాఠం చెప్పించుకున్నారు. మంచి రాస్తా ఇదే. ఏప్రిల్లో మొదలయ్యే భారతీయ స్కూళ్ళకి ప్రకటనలు చలికాలంలోనే వస్తాయి. ఆగస్టు, సెప్టెంబరులో మొదలయ్యే బ్రిటిష్ స్కూళ్ళు అంతకు చాలా నెలల ముందే వెతకడం మొదలుపెడతాయి. జూన్‌లో లేచి వెతికితే మిగిలినవే దొరుకుతాయి. ఏజెంటు ద్వారానే పోవాల్సి వస్తే, మన విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో అతని పేరు ఉందో లేదో చూడాలి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతకు మించి ఒక్క పైసా కాదు. మన రాష్ట్ర ప్రభుత్వానిదే ఓంక్యాప్ అనే సంస్థ కూడా ఉంది. నాకు 2009లో ఇవేవీ తెలియవు. అడగాలన్న అక్కల్ కూడా లేదు.

ఇక తన్ఖా. దుబాయ్ 4,500లో బేసిక్ 2,000 మాత్రమే. మిగతాదంతా అలవెన్సు అని రాశారు. రూము వాళ్ళు ఇవ్వరు. భాంజీ స్నేహితురాలు అక్కడ ఇంకొకరితో గది పంచుకుని పదిహేను వందలు కడుతోంది. తిండికీ మెట్రోకీ ఇంకో వెయ్యి. చేతిలో మిగిలేది రెండు వేలు. మస్కట్ వాళ్ళు ఇద్దరు టీచర్లకి కలిపి ఫ్లాటు ఇస్తారు, స్కూలు బస్సులో పోవచ్చు. తిండీ ఫోనూ పోను 240 రియాళ్ళు మిగులుతాయి. రూపాయల్లోకి మార్చి పక్కపక్కన రాశాం. లక్ష దాటిన తన్ఖాలో యాభై వేలు కూడా మిగలడం కష్టం. డెబ్బై అయిదులో యాభై వేలకి పైనే మిగులుతోంది.

బేసిక్ సంగతి ఇంకోటి ఉంది. యూఏఈలో ఏడాది నిండినవాళ్ళకి గ్రాట్యుటీ వస్తుంది. మొదటి అయిదేళ్ళూ ఏడాదికి 21 రోజుల తన్ఖా, కానీ లెక్క బేసిక్ మీదే. 2,000 మీద అయితే ఏడాదికి 1,400 దిర్హాములు. మొత్తం 4,500 బేసిక్‌గా రాసి ఉంటే 3,150 అయ్యేది. ఎక్కువ అలవెన్సు చూపించి తక్కువ బేసిక్ రాసేది అందుకే.

భాంజీ మాత్రం దుబాయ్ వైపే మొగ్గింది. "మామూ, రేపు అమ్మీనీ తమ్ముడినీ తీసుకుపోవాలంటే దుబాయే బాగుంటుంది కదా" అంది. అప్పుడు నా దమ్మామ్ సంగతి చెప్పాల్సి వచ్చింది.

రెండోసారి 2013లో పోయాను, పక్కా వీసాతో, సీబీఎస్ఈ స్కూలుకి. 3,800 రియాళ్ళు. బీవీనీ ఇద్దరు పిల్లల్నీ పిలిపించుకున్నాను. నాలుగేళ్ళు ఖుషీగా గడిచాయి. 2017 జూలైలో సౌదీ ప్రభుత్వం కుటుంబ సభ్యుల మీద ఫీజు పెట్టింది, మనిషికి నెలకి 100 రియాళ్ళు. ఏటా ఇంకో వంద పెంచుతూ 2020కి 400 చేస్తామని ముందే చెప్పేసింది. ముగ్గురికి కలిపి నెలకి 300తో మొదలై 1,200 దాకా పోతుంది. అదీ ఇఖామా రెన్యువల్ అప్పుడు ఏడాదిది ఒకేసారి కట్టాలి. 2018 ఎండాకాలంలో మా వాళ్ళని కొలకలూరు పంపేశాను. నా ఒక్కడి కథ కాదిది. కుటుంబాలు వెళ్ళిపోతుంటే మా స్కూల్లో సెక్షన్లు కలిపేశారు. రెండేళ్ళు ఒంటరిగా ఉండి 2020లో నేనూ వచ్చేశాను. అక్కడి కానూన్ ఎప్పుడు మారుతుందో మన చేతిలో లేదు. అందుకే "రేపు వాళ్ళని పిలిపించుకుంటా" అన్న ఆశ మీద ఇవాళ్టి ఫైసలా చెయ్యొద్దు బేటా అన్నాను. తను మాట్లాడలేదు. కిటికీలోంచి మినుము చేల వైపు చూస్తూ కూర్చుంది.

అంటే దుబాయ్ చెడ్డదని కాదు. దుబాయ్‌లో ఒక మేలు ఉంది: అక్కడి ప్రైవేటు స్కూళ్ళని చూసే కేహెచ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ తనిఖీ రిపోర్టులు అందరికీ కనపడేలా పెడుతుంది. చేరబోయే స్కూలు ఎలాంటిదో ఇంట్లో కూర్చుని చదవొచ్చు. వీసా ఖర్చు యజమానే పెట్టుకోవాలని యూఏఈ చట్టం, ప్రొబేషన్ ఆరు నెలలు మించకూడదు. కార్మిక శాఖ ఇచ్చే కాంట్రాక్టు ఉర్దూలో కూడా దొరుకుతుంది. ఒమన్‌లో కాంట్రాక్టు పూర్తయ్యాక పాత యజమాని ఎన్ఓసీ లేకుండా వేరే నౌకరీకి మారొచ్చు, 2021 జనవరి నుంచి ఆ నిబంధన తీసేశారు. పాస్‌పోర్టు ఎక్కడైనా మన దగ్గరే ఉండాలి. ఎవరైనా "సేఫ్‌గా దాస్తాం" అంటే షుక్రియా చెప్పి జేబులో పెట్టుకోవడమే.

రాత్రి ఇషా అయ్యాక ఆపా మళ్ళీ వచ్చింది. "ఇస్తిఖారా చేస్తాను" అంది. "చెయ్యి ఆపా, అంతకు ముందు ఇందులో ఏముందో నీకూ తెలియాలి కదా" అన్నాను. ఆపాకి ఇంగ్లీషు రాదు, తెలుగు బాగా చదువుతుంది. రెండు కాంట్రాక్టుల్నీ తెలుగులో లాంగ్ నోట్‌బుక్ మీద రాసిచ్చాను. ఏడు పేజీలు వచ్చింది. ఆపా కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కొక్క లైనూ చదివింది. చాలాసేపటికి తలెత్తి, "ఛోటే, ఎండాకాలం రెండు నెలలు స్కూలు మూసేస్తారు కదా. అప్పుడు తన్ఖా ఇస్తారా?" అంది.

నేనూ భాంజీ మొహాలు చూసుకున్నాం. గల్ఫులో ఏడేళ్ళు చేసి వచ్చిన నాకు ఆ ప్రశ్న రాలేదు, మా స్కూల్లో ఇచ్చేవాళ్ళు కాబట్టి. ఆ రెండు కాగితాల్లోనూ ఆ సంగతి లేదు. ఆ రాత్రే భాంజీ రెండు స్కూళ్ళకీ మెయిలు పెట్టింది.

మస్కట్ నుంచి రెండో రోజు జవాబొచ్చింది: సెలవుల తన్ఖా ఇస్తాం, కానీ మొదటి ఏడాది మధ్యలో మానేస్తే తిరిగి పట్టుకుంటాం అని. దుబాయ్ వాళ్ళు అయిదో రోజు ఫోను చేసి, "మొదటి ఏడాది సగమే ఇస్తాం, అది మా పాలసీ" అన్నారు. రాసి పంపమంటే పంపలేదు.

భాంజీ మస్కట్ కాగితం మీద దస్తఖత్ చేసింది. వాళ్ళ ఫ్లాట్లో ఉండబోయే టీచరు నంబరు అడిగి తీసుకుని, ఆపా చేత మాట్లాడించింది. కేరళ అమ్మాయట. ఆపా తనకొచ్చిన దక్కనీలో, ఆ పిల్ల తనకొచ్చిన హిందీలో అరగంట మాట్లాడుకున్నారు. "ఒంటరి ఆడపిల్లని పర్దేస్ పంపుతున్నావా" అని అడగడానికి వచ్చిన బంధువులకి ఇప్పుడు ఆపానే జవాబు చెప్తోంది.

డిగ్రీ, బీఈడీ సర్టిఫికెట్లు రాష్ట్రంలో ఒకసారి, తర్వాత విదేశాంగ శాఖలో అపోస్టిల్ ముద్ర వేయించుకోవాలి. నాకు అప్పట్లో నెల పట్టింది, అందుకే వెంటనే పంపించాం. రంజాన్ ఇంట్లోనే ఉంటుంది. ఈద్ సేమియా తిని ఏప్రిల్లో బయల్దేరుతుంది, ఇన్షా అల్లాహ్.

ఆ నోట్‌బుక్ ఆపా బీరువాలో పెట్టుకుంది. మొన్న ఏదో పనిమీద పోతే, మళ్ళీ తీసి చదువుతోంది. "నాలుగో పేజీలో ప్రొబేషన్ అని రాశావు, అప్పుడు వాళ్ళు తీసేస్తే టికెట్ ఎవరిది?" అంది. తెలియదన్నాను. భాంజీని పిలిచి, ఇంకో మెయిలు పెట్టించాం.